అమ్మను రోజూ నడిపిస్తున్నాను, ఎముకలకు అది చాలుతుందా?

తరువాత చదివేవారికి వీలుగా ఉండటానికి మీ ప్రశ్నను ముందు కుదించి చెబుతాను. మీ అమ్మగారికి 57 ఏళ్లు. జగిత్యాల దగ్గరి పల్లెలో ముప్పై ఏళ్లకు పైగా బీడీలు చుట్టారు. 36వ ఏట గర్భసంచి తీసేశారు. అయిదు నెలల క్రితం స్నానాల గదిలో జారి, చేయి ఆనించడంతో మణికట్టు విరిగింది. ఎముక సాంద్రతను కొలిచే డెక్సా స్కాన్‌లో టి-స్కోరు (ఆరోగ్యంగా ఉన్న యువతుల సగటుకన్నా ఎముక ఎంత పలచగా ఉందో చెప్పే అంకె) వెన్ను దగ్గర మైనస్ 2.8, తుంటి దగ్గర మైనస్ 2.1 వచ్చింది. డాక్టరు వారానికొక మాత్ర, కాల్షియం, విటమిన్ డి రాసి, బాగా నడిపించమన్నారు. మీరు ఆమెను హనుమకొండకు తెచ్చుకుని రోజూ పొద్దున్నే భద్రకాళి బండ్ మీద ముప్పావుగంట నడిపిస్తున్నారు. ఇది చాలుతుందా అన్నది మీ మొదటి ప్రశ్న. 39 ఏళ్ల వయసులో ఇంటి నుంచే కంప్యూటర్ పని చేస్తూ రోజుకు పది గంటలు కూర్చునే మీ సంగతేమిటన్నది రెండోది. ఏడో తరగతి చదువుతున్న పాప గురించి చివర్లో ఒక్క ముక్క రాశారు. నా దృష్టిలో అది చిన్న ముక్క కాదు, దానికీ వస్తాను.

నేను హనుమకొండలో ఇరవై ఏళ్లకు పైగా ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. ఎముక విరిగి కోలుకుంటున్న పెద్దవాళ్లే నా దగ్గరికి ఎక్కువగా వస్తారు. మీ ప్రశ్నకు నా జవాబు: నడక చాలదు. అలాగని మానకండి. నడక చేసే మేలు ఒకటి, ఎముక అడిగేది ఇంకొకటి. ఈ తేడా అర్థమైతే మిగతాదంతా మీరే సర్దుకోగలరు.

ఎముక తన మీద పడే బరువును బట్టి తనను తాను మార్చుకుంటుందని జర్మన్ శస్త్రవైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లోనే రాశాడు. టెన్నిస్ క్రీడాకారులపై 1977లో వెలువడిన ఒక అధ్యయనం దీన్ని కళ్లకు కట్టింది. బ్యాటు పట్టే చేతి పై ఎముక గోడ రెండో చేతితో పోలిస్తే మగవారిలో సుమారు 35 శాతం, ఆడవారిలో 28 శాతం మందంగా ఉంది. మనిషి ఒక్కడే, తిండి ఒక్కటే, రక్తంలో తిరిగే హార్మోన్లూ అవే. రెండు చేతుల మధ్య తేడా పడిన దెబ్బలదే. దీనికి వ్యతిరేక దృశ్యం అంతరిక్షంలో కనిపిస్తుంది. బరువు తెలియని చోట గడిపే వ్యోమగాములు తుంటి దగ్గర నెలకు ఒక శాతం పైచిలుకు ఎముక సాంద్రతను కోల్పోతారు. నెలసరి ఆగిన స్త్రీ ఏడాదిలో కోల్పోయేదానికి అది దరిదాపుల్లో ఉంటుంది.

ఎలాంటి బరువు పడితే ఎముక కదులుతుందన్నది అసలు ప్రశ్న. 1984లో రూబిన్, లాన్యన్ అనే ఇద్దరు పరిశోధకులు పక్షుల రెక్క ఎముకపై కొలిచి కొలిచి ఒత్తిడి పెట్టి చూశారు. రోజుకు నాలుగంటే నాలుగుసార్లు వంచితే ఎముక తగ్గడం ఆగింది. 36 సార్లు వంచితే పెరిగింది. 1800 సార్లు వంచినా 36 సార్లకు వచ్చినంతే వచ్చింది, అంతకు మించి రాలేదు. కదలకుండా అదే బరువును అలాగే ఉంచితే ఎముక అసలు స్పందించనే లేదు. తరువాత ఎలుకలపై చేసిన పరిశోధనల్లో ఇంకో సంగతి తేలింది. అదే లెక్క ఒత్తిడిని ఒకే దఫాలో కాక, గంటల విరామాలతో నాలుగు విడతలుగా ఇస్తే ఎముక ఎక్కువగా పెరిగింది. ఎముక లోపల ఉండే కణాలు తమ చుట్టూ ఉన్న సన్నని కాలువల్లో ద్రవం కదిలినప్పుడు మేల్కొంటాయి. ఒకే రకం కదలిక అదే పనిగా వస్తుంటే కాసేపటికే వాటి స్పందన మందగిస్తుంది. కొన్ని గంటలు విశ్రాంతి దొరికితే మళ్లీ చురుగ్గా స్పందిస్తాయి.

ఈ మాటలను భద్రకాళి బండ్ మీద మీ అమ్మగారి నడకకు పెట్టి చూడండి. ముప్పావుగంటలో నాలుగైదు వేల అడుగులు పడతాయి. ప్రతి అడుగూ ఒకేలా ఉంటుంది, చదునైన దారి, ఒకటే వేగం. తుంటికి, వెన్నుకు ఇది ఎప్పుడో అలవాటైన బరువు. అందుకే నడకపై జరిగిన పరిశోధనలన్నిటినీ ఒకచోట చేర్చి చూసినప్పుడు, నెలసరి ఆగిన స్త్రీలలో వెన్ను సాంద్రతపై నడక ఒక్కదానివల్ల చెప్పుకోదగ్గ ప్రభావం కనబడలేదు. తుంటి దగ్గర కొద్దిగా మేలు ఉంది. ఈతకొట్టేవారి సంగతి, సైకిల్ తొక్కేవారి సంగతి కూడా ఇలాంటిదే. గుండెకు గొప్ప వ్యాయామాలు, కండ గట్టిపడుతుంది. కానీ ఏళ్ల తరబడి పోటీ సైక్లింగ్ చేసేవారి నడుం ఎముకలు తోటివారికన్నా పలచగా ఉన్నట్టు ఎన్నో అధ్యయనాలు చెప్పాయి.

అయితే నడక ఎందుకు? ఎముక విరగకుండా ఉండటమే మన లక్ష్యం కాబట్టి. అమెరికాలో 61 వేలకు పైగా నర్సులను 1986 నుంచి 12 ఏళ్లపాటు గమనించిన అధ్యయనం ఒకటి ఉంది. వేరే వ్యాయామం ఏదీ లేకపోయినా, వారానికి నాలుగు గంటలైనా నడిచేవారిలో తుంటి విరగడం, గంటకన్నా తక్కువ నడిచేవారితో పోలిస్తే 41 శాతం తక్కువగా ఉంది. రోజులో ఎక్కువసేపు నిలబడి గడిపేవారికి కూడా ఆ ప్రమాదం తక్కువే. ఇది గమనించి రాసిన లెక్క. ఆరోగ్యం బాగున్నవాళ్లే ఎక్కువ నడుస్తారన్న సంగతి ఇందులో కొంత కలిసే ఉంటుంది. అయినా నడిచేవారి కాళ్లలో బలం, అడుగులో నిలకడ ఉంటాయి, వాళ్లు తక్కువగా పడతారు. తుంటి విరిగిన పదిమందిలో తొమ్మిదిమంది పడటంవల్లే విరగ్గొట్టుకుంటారు. కాబట్టి బండ్ మీద నడక కొనసాగించండి. వారం మాత్ర వేసుకునే రోజున దాన్ని పరగడుపున గ్లాసు నిండా మంచినీళ్లతో మింగి, కనీసం అరగంట పడుకోకుండా, ఏమీ తినకుండా ఉండాలి. ఆ సమయాన్నే నడకకు వాడుకుంటే రెండూ కుదురుతాయి. కాల్షియం మాత్రను మాత్రం అప్పుడు వేయకండి, మధ్యాహ్నం భోజనంతో ఇవ్వండి.

ఇక బీడీల సంగతి. కూర్చుని ఉండటంపై జరిగే పరిశోధనలన్నీ ఆఫీసు కుర్చీ చుట్టూ తిరుగుతాయి. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, నిజామాబాద్, కామారెడ్డి వైపు లక్షలాది ఆడవారు ఒళ్లో చేట పెట్టుకుని, మెడ వంచి, నడుం గుండ్రంగా చేసుకుని పొద్దుటి నుంచి రాత్రి దాకా తునికాకు చుడుతూ ఉంటే, దాన్ని ఎవరూ కూర్చునే ఉద్యోగంగా లెక్కపెట్టరు. 'మా అమ్మ ఎప్పుడూ ఖాళీగా లేదు, కష్టజీవి' అని మీరు రాశారు. నిజమే, వేళ్లకు క్షణం తీరిక ఉండదు. కానీ తుంటికీ వెన్నుకూ ఆ పని ఇచ్చేది కదలిక లేని బరువే. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి కట్టే పనిలో లేచి తిరిగితే డబ్బు తగ్గుతుంది, అందుకే లేవరు. నడుం గుండ్రంగా వంగి ఉన్నంతసేపు వెన్నుపూసల ముందు అంచు మీద భారం ఎక్కువగా పడుతుంది. పలచబడిన పూసలు నలిగేది సరిగ్గా అక్కడే.

ఒక్క మంచి కూడా ఉంది. నేల మీద కూర్చుని లేచే అలవాటు మీ అమ్మగారికి ఇన్నాళ్లూ తొడల బలాన్ని కొంత కాపాడి ఉంటుంది. హనుమకొండకు వచ్చాక కుర్చీ, సోఫా, మంచం మధ్యే తిరుగుతుంటే ఆ కాస్తా పోతుంది. వీలైనంతవరకు లేచి కూర్చునే అవకాశాలు తగ్గించకండి.

గర్భసంచి గురించి నాకు మీ అమ్మగారి వయసుకన్నా ముఖ్యమైన ప్రశ్న ఉంది. దానితోపాటు అండాశయాలు కూడా తీసేశారా? మన దేశంలో స్త్రీలకు సగటున 46, 47 ఏళ్లకు నెలసరి ఆగిపోతుంది. ఆ తరువాతి కొన్నేళ్లలో ఎముక వేగంగా కరుగుతుంది, వెన్ను దగ్గర ఏడాదికి సుమారు రెండు శాతం చొప్పున. అండాశయాలు 36వ ఏట తీసేసి ఉంటే ఈ కరగడం పదేళ్లు ముందే మొదలైనట్టు. వాటిని ఉంచినా, గర్భసంచి తీసినవారిలో అవి కొన్నేళ్లు ముందుగానే పనిచేయడం తగ్గిస్తాయి. గర్భసంచి తీసివేతలు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దేశంలోనే ముందు వరుసలో ఉన్నాయి. నలభై నిండకుండానే ఆపరేషన్ అయిన ఆడవారు, దానికీ ఎముకలకూ సంబంధం ఉందని ఎవరూ ఒక్కమాట చెప్పకుండా ఇంటికి పంపబడినవారు, ఇరవై ఏళ్ల తరువాత విరిగిన చేయి పట్టుకుని వస్తుంటే నాకు బాధా కోపమూ రెండూ వస్తాయి. పాత కాగితాలు వెతికి ఆ సంగతి తేల్చి, ఎముకల డాక్టరుకు చెప్పండి. మందు ఎంపికలో, ఎంతకాలం వాడాలన్నదానిలో అది లెక్కలోకి వస్తుంది.

బరువులతో వ్యాయామం మొదలుపెట్టేముందు మీరు చేయించాల్సింది వెన్నెముక ఎక్స్-రే, పక్క నుంచి తీసేది. నలిగిన వెన్నుపూసల్లో మూడింట రెండు వంతులు ఎవరి దృష్టికీ రావు, నడుంనొప్పి అనుకుని వదిలేస్తారు. అమ్మగారి ఎత్తు వయసులో ఉన్నప్పటికన్నా నాలుగు సెంటీమీటర్లకు మించి తగ్గినా, వీపు పైభాగం గూని తేలినా అనుమానం పెంచుకోవాలి. మణికట్టు విరగడమే ఒక హెచ్చరిక. నిలబడిన ఎత్తు నుంచి పడితే ఎముక విరిగిందంటే, మళ్లీ విరిగే అవకాశం తోటివారికన్నా సుమారు రెట్టింపు.

ఎక్స్-రే ఎందుకింత ముఖ్యమో చెప్పడానికి ఒక పాత పరిశోధన చాలు. 1984లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు, ఎముకలు పలచబడిన స్త్రీలను గుంపులుగా చేసి చూశారు. ముందుకు వంగే వ్యాయామాలు చేసినవారిలో 89 శాతం మందికి వెన్నుపూసలు కొత్తగా నలిగాయి. వెనక్కి నిటారుగా సాగే వ్యాయామాలు చేసినవారిలో ఆ సంఖ్య 16 శాతమే. ఆ గుంపులు చిన్నవి, అయినా ఇంత తేడాను పక్కన పెట్టలేం. పార్కుల్లో ఉదయం యోగా చేసే బృందాలను చూస్తుంటే నాకు ఇదే గుర్తొస్తుంది. పశ్చిమోత్తానాసనం, హలాసనం, కాళ్ల వేళ్లు ముట్టుకోవడం, పడుకుని లేచే పొట్ట వ్యాయామాలు మీ అమ్మగారికి వద్దు. యోగా వద్దనడం లేదు. తాడాసనం, వృక్షాసనం, గోడ దన్నుతో వీరభద్రాసనం ఆమెకు మేలు చేస్తాయి. గురువుగారికి స్కాన్ కాగితం చూపించి మరీ చేర్పించండి.

బతుకమ్మ గురించి కూడా ఇక్కడే చెబుతాను, ఎందుకంటే ఆ తొమ్మిది రోజులు అమ్మగారిని ఇంట్లో కూర్చోబెట్టాలని మీకు అనిపించవచ్చు. కూర్చోబెట్టకండి. చుట్టూ తిరుగుతూ, పక్కకూ ముందుకూ అడుగులు మారుస్తూ, పాటకు లయగా చప్పట్లు కొట్టే ఆట తూకానికి, అంటే పడకుండా ఒంటిని నిలుపుకోవడానికి, మంచి సాధన. రోజువారీ నడకలో లేని పక్క అడుగులు అందులో ఉన్నాయి. ప్రతి చప్పట్టుకూ నడుం వంచి లేవడమే చిక్కు. మోకాళ్లు కొద్దిగా వంచి, వీపు నిటారుగా ఉంచి చప్పట్లు కొట్టమనండి. బరువైన బతుకమ్మను వంగి ఎత్తే పని మీరు చేయండి.

ఇప్పుడు బలం సంగతి. ఎముకలు పలచబడినవారు బరువులు ఎత్తకూడదన్న నమ్మకం మన దగ్గర ఎంత బలంగా ఉందో నాకు తెలుసు. చాలా ఇళ్లలో స్కాన్ రాగానే బిందె ముట్టుకోనివ్వరు. ఆస్ట్రేలియాలోని గ్రిఫిత్ విశ్వవిద్యాలయం 2018లో ప్రచురించిన లిఫ్ట్‌మోర్ పరిశోధన ఈ నమ్మకాన్ని నేరుగా పరీక్షించింది. 58 ఏళ్లు దాటి, ఎముక సాంద్రత తగ్గిన 101 మంది స్త్రీలను తీసుకున్నారు. ఒక గుంపు వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, శిక్షకుల కళ్లముందు నిజంగా బరువైన వ్యాయామాలు చేసింది. నేల మీది నుంచి బరువు ఎత్తడం, భుజాన బరువుతో గుంజీలు తీయడం, తల మీదికి బరువు నెట్టడం, కమ్మీ పట్టుకుని పైకి లేచి నేల మీదికి దూకి ఆగడం. అయిదేసి సార్లు, అయిదు విడతలు. రెండో గుంపు ఇంట్లో తేలిక వ్యాయామాలు చేసింది. ఎనిమిది నెలల తరువాత మొదటి గుంపులో నడుం ఎముక సాంద్రత 2.9 శాతం పెరిగింది, రెండో గుంపులో 1.2 శాతం తగ్గింది. ఎవరికీ ఎముక విరగలేదు. ఒకామెకు నడుం కాస్త పట్టేసింది, అంతే.

ఇది చదివి రేపే అమ్మగారిని జిమ్‌కు తీసుకెళ్లకండి. ఆ స్త్రీలు మొదటి నెలంతా తక్కువ బరువుతో కదలిక నేర్చుకున్నారు. ప్రతిసారీ శిక్షకుడు పక్కనే ఉన్నాడు. ఇటీవల ఎముక విరిగినవారిని అందులో చేర్చుకోలేదు. ఆ పరిశోధన నుంచి మనం తీసుకోవాల్సింది దిశ. ఎముకలు పలచబడిన మనిషి కూడా క్రమంగా, సరైన పద్ధతిలో, ఎక్కువ బరువు వైపు వెళ్లవచ్చు, వెళ్లాలి.

మీ ఇంట్లో నేను ఇలా మొదలుపెడతాను. మొదట, చేతుల ఆసరా లేకుండా కుర్చీలోంచి అయిదుసార్లు లేచి కూర్చోమనండి, గడియారం చూడండి. 15 సెకన్లు దాటితే తొడల్లో బలం తగ్గినట్టే. అదే పరీక్ష, అదే మందు కూడా. రోజుకు మూడు విడతలు, ఎనిమిది పదిసార్ల చొప్పున చేయించండి. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి. పైన చెప్పిన ఎలుకల పరిశోధన గుర్తుంది కదా, గంటల విరామమే ఇక్కడ లాభం. తేలికైపోయాక ఛాతీకి ఆనించి రెండు కిలోల బియ్యం సంచి పట్టుకుని లేవమనండి, తరువాత మూడు, తరువాత అయిదు. చివరి రెండుసార్లు కష్టంగా అనిపించాలి. కష్టంగా అనిపించకపోతే ఎముకకు వార్త చేరనట్టే.

వంటగట్టు పట్టుకుని మడమలు పైకెత్తి నెమ్మదిగా దించడం రెండోది. రెండు మూడు నెలలు గడిచి, ఎక్స్-రే బాగుండి, నొప్పి లేకపోతే, దించేటప్పుడు మడమలను నేలకు కాస్త గట్టిగా తాకించమనండి. ఆ చిన్న అదురు తుంటిదాకా, వెన్నుదాకా వెళుతుంది. మెట్టు ఎక్కి దిగడం, ఒక కాలితో మొదలుపెట్టి మరో కాలికి మార్చడం, రెయిలింగు పట్టుకుని. బోర్లా పడుకుని, చేతులు పక్కన ఉంచి, గడ్డం లోపలికి లాక్కుని ఛాతీని వేలెడెత్తు లేపి ఆపడం. బోర్లా పడుకోలేకపోతే గోడకు వీపు ఆనించి భుజాల రెక్కలను దగ్గరకు లాగడం. మణికట్టు నొప్పి పూర్తిగా తగ్గాక గోడను రెండు చేతులతో నెట్టడం. ఇవన్నీ ఒకేరోజు కాదు, వారానికొకటి చేర్చండి.

బిందె ఎత్తడం నేర్పించండి. మాన్పించకండి. కాళ్లు కొంచెం ఎడంగా పెట్టి, తుంటి దగ్గర మడత పడాలి, నడుం దగ్గర కాదు. మోకాళ్లు వంగాలి, బిందె ఒంటికి దగ్గరగా రావాలి, ఎత్తుతూ ఊపిరి వదలాలి. మొదట ఖాళీ బిందె. ఈ ఒక్క కదలిక వస్తే బట్టలు, కూరగాయల సంచి, మనవరాలి బడిసంచి అన్నీ క్షేమంగా ఎత్తగలరు.

తూకం సాధన వేరుగా చేయాలి, బలం పెరిగినంత మాత్రాన తూకం దానంతటదే రాదు. 2019లో కోక్రేన్ సంస్థ 108 పరిశోధనలను, 23 వేలకు పైగా పెద్దవారి వివరాలను కలిపి చూసినప్పుడు, వ్యాయామం పడిపోవడాన్ని 23 శాతం తగ్గించిందని తేలింది. అందులో తూకానికి, రోజువారీ పనుల కదలికలకు సంబంధించిన వ్యాయామాలే బాగా పనిచేశాయి. గోడ పక్కన ఒంటికాలిపై నిలబడటం, ఒక పాదం ముందు ఇంకో పాదం ఆనించి గీత మీద నడవడం, వెనక్కి నాలుగడుగులు, పక్కకు నాలుగడుగులు. వారానికి మూడు రోజులకు తగ్గకూడదు. స్నానాల గదిలో గోడకు పట్టీ, నేలకు జారని చాప, రాత్రి లేచే దారిలో దీపం, కంటి శుక్లాల పరీక్ష. ఇవి మీకు తెలిసినవే, ఈ వారంలోనే చేయండి.

తిండి గురించి ఎక్కువ రాయను. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దవారికి రోజుకు కనీసం 1000 మిల్లీగ్రాముల కాల్షియం సూచించింది. పాలు, పెరుగు, రాగులు, తోటకూర, నువ్వులు ఉంటే చాలావరకు వస్తుంది. మన సర్వపిండిలో, సకినాల్లో నువ్వులు ఊరికే వేయలేదు. మాంసకృత్తులు మరవకండి, పప్పో గుడ్డో పూటపూటా ఉండాలి. విటమిన్ డి రక్తపరీక్ష చేయించి మోతాదు డాక్టరునే నిర్ణయించనివ్వండి. ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరునీళ్లు ఏళ్లపాటు తాగిన ఊరైతే అదీ డాక్టరుకు చెప్పాలి. అలాంటివారిలో స్కాన్ సాంద్రతను ఎక్కువగా చూపినా ఎముక పెళుసుగా ఉండవచ్చు. మాత్ర మాత్రం మానకండి. వ్యాయామం మందుకు తోడు మాత్రమే, దానికి బదులు కాదు. మీ అమ్మగారి అంకెలకు రెండూ కావాలి.

మీ విషయానికి వస్తాను. రోజుకు పది గంటలు కూర్చుని, సాయంత్రం వడ్డేపల్లి చెరువు దగ్గర గంట నడిస్తే లెక్క సరిపోతుందా అని అడిగారు. అమెరికా జాతీయ ఆరోగ్య సర్వేలో నడుముకు యంత్రం కట్టి కదలికలను కొలిచిన వివరాలపై 2014లో ఒక విశ్లేషణ వచ్చింది. ఎక్కువసేపు కూర్చునే స్త్రీలలో తుంటి సాంద్రత తక్కువగా ఉంది. వాళ్లు విడిగా చేసే వ్యాయామాన్ని లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ తేడా పోలేదు. మగవారిలో అది కనబడలేదు. ఒకే సమయంలో తీసిన లెక్క కాబట్టి కూర్చోవడమే కారణమని దానితో నిరూపణ కాదు. కానీ మంచం పట్టిన మనిషి ఎముక ఎంత వేగంగా కరుగుతుందో చూసినవాళ్లెవరూ ఆ అంకెలను తేలిగ్గా తీసుకోరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు కూడా మధ్యస్థ శ్రమ వారానికి 150 నుంచి 300 నిమిషాలు, కండబలం పెంచే పని కనీసం రెండు రోజులు అని చెప్పి, కూర్చునే సమయాన్ని తగ్గించమని విడిగా చెప్పాయి. చాలామంది మొదటి అంకె దగ్గరే ఆగిపోతారు.

మీకు 39 ఏళ్లు, నెలసరి సక్రమంగా ఉంది, మోకాళ్ల నొప్పి లేదన్నారు. అమెరికాలో 25 నుంచి 50 ఏళ్ల స్త్రీలపై 2015లో వచ్చిన ఒక పరిశోధన మీకు సరిగ్గా సరిపోతుంది. రోజుకు రెండుసార్లు, 10 లేదా 20 గెంతులు, ఒక్కో గెంతుకూ మధ్య అరనిమిషం విరామం. 16 వారాల్లో తుంటి సాంద్రత మెరుగైంది. గెంతులు వేయనివారిలో కొంచెం తగ్గింది. పదేసి గెంతులైతే రెండు పూటలా కలిపి పది నిమిషాలు, ఇరవయ్యేసి అయితే ఇరవై నిమిషాలు పడుతుంది. పని మధ్యలో గంటకోసారి లేచినప్పుడు రెండేసి, మూడేసి గెంతండి. నిలబడిన చోటనే వీలైనంత ఎత్తుకు ఎగిరి రెండు పాదాలపై దిగాలి. ప్రసవం తరువాత మూత్రం ఆపుకోలేని ఇబ్బంది ఉంటే మాత్రం ముందు దాన్ని చూపించుకోండి, సిగ్గుపడి దాచవద్దు. వారానికి రెండు రోజులు బరువులు కూడా మొదలుపెట్టండి. మీ తల్లికి 57 ఏళ్లకే మణికట్టు విరిగిందంటే మీ ఎముకలకూ కొంత వారసత్వం ఉంటుంది.

పాప సంగతి నన్ను ఎక్కువ కలవరపెట్టింది. బడి బస్సు, బడి, ట్యూషన్, ఇల్లు, ఆటస్థలం లేని పాఠశాల అని రాశారు. కెనడాలోని సస్కాచెవాన్‌లో పిల్లలను ఏళ్ల తరబడి కొలిచి 1999లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, పెద్దయ్యాక ఉండే ఎముక ఖనిజంలో సుమారు 26 శాతం కేవలం రెండేళ్లలో చేరుతుంది. ఆడపిల్లల్లో ఆ రెండేళ్లు పన్నెండున్నర ఏళ్ల చుట్టూ వస్తాయి. మీ పాపకు ఆ రెండేళ్లు ఇప్పుడే నడుస్తున్నాయి. ఈ వయసులో తాడాట, తొక్కుడు బిళ్ల, ఖోఖో, కబడ్డీ చేసే మేలును తరువాత ఏ మందూ చేయలేదు. ఈ ఆటల్లో ఉన్నదంతా ఎముకకు కావలసినదే: హఠాత్తుగా ఆగడం, పక్కకు దూకడం, ఒంటికాలిపై దిగడం. ట్యూషన్‌లో ఒక గంట తగ్గించి సాయంత్రం జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియానికి పంపండి, లేదా మీ గెంతులు ఇద్దరూ కలిసి మేడమీద వేయండి.

అమ్మగారి స్కాన్ మళ్లీ ఎప్పుడని అడిగారు. ఏడాదికి ముందు వద్దు, డాక్టరు చెబితే రెండేళ్లకు, అదే కేంద్రంలో అదే యంత్రం మీద. ఎముక పాతది తవ్వుకుని కొత్తది కట్టుకోవడానికి నెలలు పడుతుంది. రెండు మూడు శాతం తేడా యంత్రపు హెచ్చుతగ్గుల్లోనే కలిసిపోవచ్చు. అప్పటిదాకా కుర్చీ పరీక్ష సెకన్లను, ఒంటికాలిపై నిలబడే సమయాన్ని నెలకోసారి రాసి పెట్టండి. అవి ముందుగా మారతాయి.

వెన్ను ఎక్స్-రే ఫలితం, ఆపరేషన్ కాగితంలో అండాశయాల గురించి రాసినది దొరికితే ఇక్కడే పెట్టండి. పూస ఏదైనా నలిగి ఉంటే సంచి బరువు, మడమల అదురు, బోర్లా వ్యాయామం ఈ మూడింటినీ మార్చి చెబుతాను. అంతవరకు కుర్చీలోంచి లేవడం, తూకం సాధన, బండ్ మీద నడక ఈరోజు నుంచే చేయించవచ్చు.